ఎవరి ఉప్పు ఎవరు తిన్నారు?

(మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పని ఒప్పందాలు, స్త్రీల హక్కులు అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. బాస్కెట్‌బాల్ ఆటతో మొదలుపెడతానని చెబితే నిర్వాహకులు కాస్త ఆశ్చర్యపోయారు. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది బీడీ కార్మికులతో, అంగన్‌వాడీ కార్యకర్తలతో, ఇళ్లలో పనిచేసే స్త్రీలతో పనిచేస్తున్నారు. కోట్ల డాలర్లు తీసుకునే అమెరికా ఆటగాళ్ల గొడవ మనకెందుకు అనిపించడం సహజమే.

అయితే మనల్ని ఏళ్ల తరబడి కట్టిపడేస్తున్న మాట ఒకటుంది. విశ్వాసం. యజమాని దగ్గర దాని పేరు విశ్వాసం, ప్రభుత్వం దగ్గర సేవాభావం, మన సంస్థల్లో నిబద్ధత. పేరు ఏదైనా, దానికి ఖరీదు ఎంత, ఆ ఖరీదు ఎవరు కడుతున్నారు అన్న లెక్క మనకు ఎక్కడా దొరకదు. ఆ ఆటలో దొరుకుతుంది. అక్కడ ఎవరి జీతం ఎంతో, ఒప్పందం ఎన్నేళ్లకో పత్రికల్లో అచ్చవుతుంది. అందుకే అక్కడి నుంచి బయలుదేరుతున్నాను.

డర్క్ నోవిట్స్కీ అని జర్మనీ నుంచి వెళ్లిన ఆటగాడు. 1998లో డల్లాస్ జట్టులో చేరాడు. 2019లో రిటైరయ్యే దాకా 21 సీజన్లు అదే జట్టుకు ఆడాడు. 2011లో ఆ జట్టుకు మొదటిసారి ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టాడు. 2014లో అతని ఒప్పందం ముగిసింది. వేరే పెద్ద జట్లు నాలుగేళ్లకు 9 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి సిద్ధపడ్డాయని అప్పుడు పత్రికలు రాశాయి. అతను మూడేళ్లకు సుమారు 2.5 కోట్ల డాలర్లకే డల్లాస్‌తో మళ్లీ సంతకం చేశాడు. ఆ ఆటలో ప్రతి జట్టుకూ మొత్తం జీతాల మీద ఒక పరిమితి ఉంటుంది. అతను వదులుకున్న డబ్బుతో జట్టు ఇంకొక మంచి ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. తెచ్చుకున్నారు కూడా. ఆ వేసవిలోనే చాండ్లర్ పార్సన్స్ అనే యువకుణ్ణి మూడేళ్లకు సుమారు 4.6 కోట్ల డాలర్లకు తీసుకున్నారు. అంటే జట్టును పదహారేళ్లు మోసినవాడు, కొత్తగా వచ్చినవాడి జీతంలో ఇంచుమించు సగం తీసుకున్నాడన్నమాట.

దీన్ని అందరూ మెచ్చుకున్నారు. విశ్వాసం అంటే అది అన్నారు. నేనూ తప్పు పట్టడం లేదు. కానీ తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. 2016లో డల్లాస్ జట్టు అతనికి రెండేళ్లకు 5 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. అప్పటికి అతని వయసు 38. ఆట తగ్గుతున్న వయసు. వెనక చేసిన త్యాగానికి చెల్లింపు అని బయటివాళ్లకు కూడా అర్థమయింది. మరుసటి ఏడాది అతను మళ్లీ జీతం తగ్గించుకున్నాడు. రిటైరయ్యాక ఆ ఊళ్లో ఒక వీధికి అతని పేరు పెట్టారు, స్టేడియం బయట విగ్రహం నిలబెట్టారు. ఇక్కడ విశ్వాసం రెండు వైపుల నుంచీ నడిచింది. అతను ఇచ్చాడు, వాళ్లు ఇచ్చారు.

ఇది ఎలా సాధ్యమయింది? యజమాని మంచివాడు కాబట్టి అనుకుంటే మనం పొరబడినట్టే. 1976కు ముందు ఆ ఆటలో ఒప్పందం ముగిసినా ఆటగాడికి విడుదల లేదు. అతనిమీద హక్కు జట్టుదే. ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న ఆస్కార్ రాబర్ట్‌సన్ అనే నల్లజాతి ఆటగాడు 1970లో కోర్టుకు వెళ్లాడు. ఆరేళ్లకు, 1976లో రాజీ కుదిరి, ఒప్పందం ముగిసినవాడు తనకు నచ్చిన జట్టుకు వెళ్లే దారి తెరుచుకుంది. అంతకు ముందు ఒకే జట్టులో జీవితమంతా ఆడినవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లది విశ్వాసమో, గత్యంతరం లేకపోవడమో ఎలా తేల్చి చెప్పగలం? వెళ్లిపోగలిగినవాడు ఉండిపోతేనే దానికి విశ్వాసం అని పేరు. వెళ్లడానికి దారి లేనివాళ్లు ఉండిపోవడాన్ని అలా పిలవకూడదు. నోవిట్స్కీ వెళ్లగలడు. ఆ సంగతి డల్లాస్‌కు తెలుసు. అతని త్యాగానికి గౌరవం దక్కింది ఆ గుమ్మం తెరిచి ఉండబట్టే.

గుమ్మం తెరిచి ఉన్నంత మాత్రాన ఎప్పుడూ న్యాయం జరుగుతుందని కాదు. డ్వెయిన్ వేడ్ అనే ఆటగాడు మయామీ జట్టుకు 13 ఏళ్లు ఆడి మూడు ఛాంపియన్‌షిప్‌లు గెలిపించాడు. 2010లో ఒకసారి, 2014లో ఒకసారి తనకు రాగల దానికన్నా తక్కువకు సంతకం చేశాడు. 2016లో తన వంతు వచ్చినప్పుడు జట్టు ఇస్తామన్నది అతనికి సరిపోలేదు. షికాగో జట్టుకు వెళ్లిపోయాడు. వెనకటి తగ్గింపులు ఏ కాగితం మీదా బాకీగా రాసి లేవు మరి. నోటి మాటగా ఇచ్చిన త్యాగానికి రశీదు ఉండదు.

ఇవి మగవాళ్ల సంగతులు. వాళ్లు కోల్పోయినా వాళ్లకు మిగిలేది కోట్లలోనే. ఇప్పుడు స్త్రీల ఆటకు వద్దాం.

అమెరికాలో స్త్రీల వృత్తి లీగ్, డబ్ల్యూఎన్‌బీఏ, 1997లో మొదలయింది. డయానా టౌరాసీ 2004లో ఫీనిక్స్ జట్టులో చేరింది. 2024 దాకా అక్కడే ఆడింది. మూడు ఛాంపియన్‌షిప్‌లు గెలిపించింది. ఒకే జట్టుకు ఇరవై సీజన్లు ఆడిన మనిషి. కానీ 2015 వేసవిలో ఆమె ఫీనిక్స్‌కు ఒక్క ఆట కూడా ఆడలేదు. అప్పట్లో అమెరికాలో స్త్రీలకు ఇచ్చే అత్యధిక జీతం ఏడాదికి సుమారు లక్షా 7 వేల డాలర్లు. చలికాలంలో ఆమె రష్యాలో ఒక క్లబ్‌కు ఆడేది. వాళ్లు ఇచ్చేది సుమారు 15 లక్షల డాలర్లు. వేసవి, చలికాలం ఎడతెరిపి లేకుండా ఆడి శరీరం అలిసిపోతోంది, ఈ వేసవి విశ్రాంతి తీసుకో, ఆ డబ్బు మేమిస్తాం అన్నారు రష్యా వాళ్లు. ఆమె తీసుకుంది.

ఆమె సొంత జట్టును వదిలేసిందా? మరుసటి ఏడాది తిరిగి వచ్చి ఇంకా తొమ్మిది సీజన్లు ఆడింది. బతకడానికి సరిపోయే జీతం ఒకచోట, విశ్వాసం చూపాల్సింది మరొకచోట అయినప్పుడు మనిషి రెండుగా చీలక తప్పదు. మన దగ్గర పొద్దున అంగన్‌వాడీ కేంద్రం నడిపి రాత్రి మిషను కుట్టే మనిషిని చూడండి. ఆమె కూడా రెండు సీజన్లు ఆడుతోంది. అలా విదేశాలకు వెళ్లి ఆడవలసి రావడం వల్లే బ్రిట్నీ గ్రైనర్ అనే మరో ఫీనిక్స్ క్రీడాకారిణి 2022 ఫిబ్రవరిలో రష్యాలో అరెస్టయి, డిసెంబరు దాకా నిర్బంధంలో ఉంది. ఆమె సామానులో దొరికినదాని గురించి అందరూ మాట్లాడారు. తన దేశంలో అంత పేరున్న మనిషి ఏటా అంత దూరం ఎందుకు వెళ్లాల్సి వస్తోంది అని కొద్దిమందే అడిగారు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న మనిషి దగ్గరికి వస్తాను. డిరికా హాంబీ. 2015లో శాన్ ఆంటోనియో జట్టులో చేరింది. 2018లో ఆ జట్టు లాస్ వేగాస్‌కు తరలిపోయి పేరు మార్చుకుంటే, ఆమె జట్టుతోపాటు వెళ్లింది. 2017లో ఆమెకు కూతురు పుట్టింది. చంటిపిల్లను పెట్టుకునే ఆడింది. మొదటి అయిదుగురిలో కాకుండా తర్వాత ఆటలోకి దిగి జట్టును నిలబెట్టే క్రీడాకారిణికి ఇచ్చే బహుమతి వరసగా 2019, 2020ల్లో ఆమెకే వచ్చింది. 2022 జూన్ చివర్లో జట్టు ఆమె ఒప్పందాన్ని రెండేళ్లు పొడిగించింది. ఆగస్టులో ఆమె తాను గర్భవతినని జట్టుకు చెప్పింది. సెప్టెంబరులో ఆ జట్టు మొదటి ఛాంపియన్‌షిప్ గెలిచింది. విజయోత్సవ ఊరేగింపు రోజున ఆమె ఈ కబురు అందరికీ చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు.

నాలుగు నెలలకు, 2023 జనవరి 21న, జట్టు ఆమెను లాస్ ఏంజెలెస్ జట్టుకు ఇచ్చేసింది. అక్కడ దీన్ని ట్రేడ్ అంటారు. ఒక జట్టు తన ఆటగాళ్లను ఇంకో జట్టుకు ఇచ్చి బదులుగా వేరేవాళ్లను పుచ్చుకోవచ్చు. సాధారణంగా ఆటగాళ్ల అంగీకారం అవసరం లేదు. పొడిగింపు సంతకం పెట్టినప్పుడు రెండేళ్లు ఇక్కడే ఉంటానని ఆమె అనుకుంది. కాగితం ప్రకారం ఉండాల్సింది ఆమె, ఉంచుకోవాల్సిన అవసరం జట్టుకు లేదు.

ఆ రోజు హాంబీ తన బాధను బహిరంగంగా రాసింది. గర్భం ముందే అనుకుని తెచ్చుకున్నావా అని తనను అడిగారని, జాగ్రత్తలు తీసుకోలేదని అన్నారని, తన నిబద్ధతను శంకించారని ఆమె ఆరోపణ. గర్భం దాచిపెట్టి ఒప్పందం పొడిగించుకున్నావన్న నింద కూడా తన మీద వేశారని చెప్పింది. జట్టు దీన్ని ఒప్పుకోలేదు. ట్రేడ్‌కూ గర్భానికీ సంబంధం లేదని కోచ్ బెకీ హామన్ చెప్పింది. లీగ్ విచారణ జరిపింది. 2023 మే నెలలో ఆ జట్టుకు 2025లో రావాల్సిన మొదటి రౌండ్ ఎంపిక అవకాశాన్ని రద్దు చేసింది. హాంబీకి నిబంధనల్లో లేని సౌకర్యాలు ఇస్తామన్నందుకు ఆ శిక్ష. పనిచేసే చోట గౌరవానికి సంబంధించిన లీగ్ నియమాన్ని ఉల్లంఘించిందని కోచ్‌ను రెండు ఆటలకు జీతం లేకుండా పక్కన పెట్టింది. 2024 ఆగస్టులో హాంబీ జట్టు మీదా లీగ్ మీదా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. కూతురి బడి ఫీజు, ఇల్లు గురించి ఇచ్చిన మాటలను గర్భం సంగతి తెలిశాక పక్కన పెట్టారన్నది అందులో ఒక ఆరోపణ.

కోర్టులో ఆ వాదనల సంగతి వేరే విషయం. నేను మీ ముందు పెడుతున్నది రెండు సంగతులు. మొదటిది, ఆమె పనిలో లోటేమీ రాలేదు. 2023 మార్చిలో కొడుకును కన్నది. ఆ వేసవి సీజనులో లాస్ ఏంజెలెస్ తరఫున మొత్తం 40 ఆటలూ ఆడింది. నిబద్ధత లేని మనిషి చేసే పనా అది? రెండవది, ఆ కోచ్ కూడా స్త్రీయే. ఒకప్పుడు ఆడినామె, తల్లి కూడా. ఇది చెప్పింది ఆమెను నిందించడానికి కాదు. కుర్చీలో స్త్రీ కూర్చుంటే చాలు, ప్రశ్నలు మారిపోతాయి అనుకున్నవాళ్లలో నేనొకదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ఆ దేశపు క్రీడాకారిణులు ఒకరి దయ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. స్కైలర్ డిగ్గిన్స్ స్మిత్ అనే క్రీడాకారిణి 2018 సీజనంతా గర్భంతోనే ఆడానని, ఎవరికీ చెప్పలేదని 2019లో బయటపెట్టింది. ఎందుకు చెప్పలేదో మనకు వేరే చెప్పక్కర్లేదు. 2020 జనవరిలో నెకా ఒగుమికే అధ్యక్షురాలిగా ఉన్న క్రీడాకారిణుల సంఘం లీగ్‌తో కొత్త సమష్టి ఒప్పందం కుదుర్చుకుంది. అంతకు ముందు ప్రసూతి సెలవులో సగం జీతమే. ఆ ఒప్పందంతో పూర్తి జీతం వచ్చింది. పిల్లలున్నవాళ్లకు రెండు గదుల ఇల్లు, పిల్లల సంరక్షణకు ఏడాదికి 5 వేల డాలర్లు వచ్చాయి. పాలివ్వడానికి వేరే చోటు వచ్చింది. 2025 జూలైలో తారల ఆట రోజున, మాకు బాకీ ఉన్నది ఇవ్వండి అని రాసి ఉన్న చొక్కాలు తొడుక్కుని మైదానంలోకి వచ్చారు. వాళ్లు వాడిన మాట బాకీ. బహుమతి కాదు, దయ కాదు.

అయినా హాంబీకి 2020 ఒప్పందం పూర్తిగా అండ కాలేకపోయింది. సెలవు జీతం కాగితం మీద ఉంది. గర్భవతిని ఆ సమయంలో ట్రేడ్ చేయకూడదన్న మాట అప్పటి కాగితం మీద లేదు. విశ్వాసం ఎక్కడ విరుగుతుందో సరిగ్గా అక్కడే కాగితం ఖాళీగా ఉంది.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద పనిచేసిన డాక్టరు కేసు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఏటేటా ఒప్పందం పొడిగిస్తూ మూడేళ్లు పనిచేయించుకున్నారు. 2017 జూన్‌లో ప్రసూతి సెలవు అడిగితే, ఒప్పందం 11 రోజుల్లో ముగుస్తోంది కాబట్టి 11 రోజులకే సౌకర్యం ఇస్తామన్నారు. ఆరేళ్లు పట్టింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఒప్పందం గడువు దాటినా ప్రసూతి సౌకర్యం పూర్తిగా ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. 2022 ఏప్రిల్‌లో అదే కోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పింది. జీవితమంతా పనిచేసిన విశ్వాసానికి అది ఒక లెక్క.

2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. జీతం పెంచమంటే మీది గౌరవ వేతనం, మీరు ఉద్యోగులు కారు అన్నారు. సమ్మె చేస్తే అత్యవసర సేవల చట్టం ప్రయోగించారు. ఇవ్వాల్సి వచ్చినప్పుడు మనది సేవ. ఆపినప్పుడు మాత్రం అది అత్యవసరమైన పని.

ప్రభుత్వాన్ని తిట్టడం మనకు తేలిక. నన్ను నేను కూడా బోనులో నిలబెట్టుకోకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

కొన్నేళ్ల కిందట నేను ఒక స్వచ్ఛంద సంస్థలో ఒక ప్రాజెక్టుకు బాధ్యురాలిగా ఉన్నాను. మండల స్థాయిలో పనిచేసే ఒక కార్యకర్త మా దగ్గర తొమ్మిదేళ్లు పనిచేసింది. ఏటా మార్చి 31తో ఒప్పందం ముగియడం, ఏప్రిల్ 1న కొత్త కాగితం. తొమ్మిది కాగితాలు. మధ్యలో ఆమెకు ఒక ప్రభుత్వ పథకంలో ఎక్కువ జీతానికి అవకాశం వచ్చింది. నేనే కూర్చోబెట్టి మాట్లాడాను. "నువ్వు వెళ్తే ఆ సంఘాలన్నీ చెదిరిపోతాయమ్మా, మనం జీతాల కోసం వచ్చామా?" అన్నాను. ఆగిపోయింది. రెండేళ్ల తర్వాత ఆమె గర్భవతి అయింది. మార్చి వచ్చింది. నిధులిచ్చేవాళ్లు ఆ ఏడాది లక్ష్యాలు పెంచారు. ఏప్రిల్లో ఊళ్లు తిరగగలిగే మనిషి కావాలని కమిటీలో అందరం అనుకున్నాం. పదో కాగితం ఇవ్వలేదు. ప్రాజెక్టు అవసరాలు మారాయి అని ఉత్తరం రాశాం. కింద సంతకం నాది.

ఆమె ఆఫీసుకు వచ్చింది. గొడవ చేయలేదు. "అక్కా, నేను సంస్థను వదిలి వెళ్లలేదు గదా, సంస్థ నన్నెందుకు వదిలేసింది?" అని అడిగింది. నేను నిధుల గురించి ఏదో చెప్పాను. హాంబీ రాసింది చదివిన రోజున నాకు ఆ ప్రశ్నే వినబడింది. జాగ్రత్తలు తీసుకోలేదా అని నేను ఆమెను అడగలేదు. అడగకుండానే శిక్ష వేశాను. ఉప్పు తిన్న విశ్వాసం అంటాం. తొమ్మిదేళ్లు ఎవరి ఉప్పు ఎవరు తిన్నారు? ఆమె కట్టిన సంఘాల ఫోటోలు మా నివేదికల అట్టల మీద ఉన్నాయి. ఆ నివేదికలతోనే మాకు నిధులు వచ్చాయి.

అందుకని ఈ సమావేశం ముందు కొన్ని ప్రతిపాదనలు పెడుతున్నాను. వీటిని ముందు మన సంస్థల్లో అమలు చేద్దాం, తర్వాత ప్రభుత్వాన్ని అడుగుదాం.

మొదటిది, ఏటా పొడిగించే ఒప్పందాలన్నిటినీ కలిపి ఒకే సర్వీసుగా లెక్కిస్తామని ప్రతి కాగితంలో రాయాలి. ఒక్కరోజు విరామం పెట్టి పాత ఏళ్లను తుడిచేసే పద్ధతి పోవాలి. రెండవది, గర్భంతో ఉన్నప్పుడు గానీ, ప్రసూతి సెలవులో గానీ ఒప్పందం ముగిస్తే, సౌకర్యం పూర్తయ్యేదాకా పొడిగింపు దానంతటదే జరగాలి. బదిలీ కూడా ఆమె ఒప్పుకుంటేనే. మూడవది, పొడిగించకపోతే కారణం మూడు నెలల ముందు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆమె మాట వినాలి. నాలుగవది, నోటితో ఇచ్చే హామీలు ఉండకూడదు. వచ్చే ఏడాది పెంచుతాం, నిన్ను మర్చిపోం అన్న మాటలు అనేముందు కాగితం తీయండి. రాయలేని హామీ ఇవ్వకండి. అయిదవది, పని మదింపు పత్రాల్లో నిబద్ధత అన్న గడి తీసేయాలి. పనిని కొలవండి. నిబద్ధతను కొలిచే గడి దగ్గర పెళ్లయిన ఆడవాళ్లకూ పసిపిల్లల తల్లులకూ ఎప్పుడూ తక్కువ మార్కులే పడుతున్నాయి.

చిన్న సంస్థలు ఇదంతా ఎలా భరిస్తాయని అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. నిధులిచ్చేవాళ్ల బడ్జెట్లో వాహనానికి గడి ఉంటుంది, శిక్షణకు ఉంటుంది, ప్రసూతికి ఉండదు. ఆ గడి పెట్టమని ఒక్కొక్క సంస్థ విడిగా అడిగితే పని జరగదు. ఆ క్రీడాకారిణుల్లాగా కలిసి అడగాలి.

ఆ కార్యకర్తను కిందటేడు ఒక పెళ్లిలో కలిశాను. కూతురు బడికి వెళ్తోంది. ఆమె ఇప్పుడు ఒక పొదుపు సమాఖ్యలో లెక్కలు రాస్తోంది. ఆ రోజు చేసింది తప్పని చెప్పి క్షమించమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాకు చెప్తే ఏం లాభం అక్కా, ఇప్పుడు పనిచేసేవాళ్ల కాగితాల్లో రాయించు" అంది.

ఆ కాగితం నమూనా రాసి తెచ్చాను. రెండు పేజీలు. భోజనాలయ్యాక ఒక్కో వాక్యం చదువుకుంటూ కూర్చుందాం. మార్చి 31 వచ్చేలోగా ఇక్కడున్న సంస్థల్లో కొన్నయినా దాని మీద సంతకం పెట్టాలని నా కోరిక. ముందు నా సంతకం పెట్టే తెచ్చాను.